చిన్న మోటర్‌హోమ్ వెనక కారు కట్టుకోవాలా, వద్దా? తేల్చుకునే పద్ధతి

"మాది 24 అడుగుల మోటర్‌హోమ్. వెనక కారు కట్టుకుని వెళ్లవచ్చా?" వేసవి దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తుంది. అడిగేవారు దీన్ని ఒకే ప్రశ్న అనుకుంటారు గాని ఇందులో రెండున్నాయి. బండి కారును లాగగలదా అన్నది ఒకటి. అసలు మీకు అక్కడ కారు కావాలా అన్నది రెండోది. దాదాపు అందరూ మొదటిదానితోనే మొదలుపెడతారు. హిచ్ (లాగేదాన్ని తగిలించడానికి బండి వెనక ఉండే ఇనుప చట్రం) మీద అంకె చూస్తారు, టో బార్ (కారును దానికి కలిపే కడ్డీ) కొంటారు, కారు ముందు భాగం విప్పించి బేస్ ప్లేట్ (ఆ కడ్డీ తగిలే ఇనుప పట్టీ) బిగిస్తారు. రెండు యాత్రలు తిరిగొచ్చాక, ఆ కారును వేల మైళ్లు ఈడ్చుకెళ్లి తాళం తిప్పింది మాత్రం మూడుసార్లేనని తెలుస్తుంది. నేనూ అలా మొదలుపెట్టినవాణ్ణే. అందుకే ఇక్కడ వరుస తిరగేశాను. ముందు అవసరం, తర్వాత బరువు, ఆ తర్వాతే సామాను.

ఇందులోని నియమాలూ కొలతలూ అమెరికా రోడ్లవి. చిన్న మోటర్‌హోమ్ అంటే వ్యాన్‌నే ఇల్లుగా మార్చిన క్లాస్ బి, లేదా వ్యాన్ ముందుభాగానికి వెనక గది కట్టిన, 25 అడుగులకు అటూ ఇటూ ఉండే క్లాస్ సి. బస్సంత పెద్ద క్లాస్ ఎ బళ్ల లెక్క వేరు. వాటిని కూరగాయల కోసం ఊళ్లోకి తీసుకెళ్లలేరు కాబట్టి వాళ్లకు ఈ మీమాంస తక్కువ.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కిందటి రెండు యాత్రల్లో ఏ రాత్రి ఎక్కడ ఉన్నారో చెప్పే కాగితం, లేదా రాబోయే యాత్ర ప్రణాళిక
- మోటర్‌హోమ్ డ్రైవరు తలుపు దగ్గరి బరువుల లేబుల్ ఫొటో
- చాసిస్ (ఇంజను, చక్రాలతో ఉండే అడుగు బండి) తయారీదారు ఇచ్చిన పుస్తకం, దానిపైన ఇల్లు కట్టిన కంపెనీ ఇచ్చిన పుస్తకం. ఇవి రెండూ వేర్వేరు. రెండూ కావాలి
- హిచ్ రిసీవర్ (టో బార్ దూర్చే గొట్టం) మీది స్టిక్కర్ ఫొటో
- కారు యజమాని పుస్తకం, సరిగ్గా మీ కారు సంవత్సరానిది
- టేపు, కాగితం, కలం
- నిండుగా సర్దిన మోటర్‌హోమ్, ట్రక్ స్టాప్ కాటా దాకా వెళ్లడానికి ఒక పూట

టో బార్ ఈ జాబితాలో లేదు. ఇప్పుడే కొనకండి.

1. కారు ఎన్ని రోజులు అక్కరకొస్తుందో లెక్కపెట్టండి

కాగితం మీద యాత్రలోని ప్రతి రోజుకూ ఒక గీత గీయండి. ఆ రోజు మోటర్‌హోమ్‌ను ఎలాగూ మరో చోటికి కదిలిస్తున్నట్లయితే దాని పక్కన "దారి" అని రాయండి. అదే చోట ఉండి, నడకతోనో షటిల్ బస్సుతోనో పని జరిగిపోతే "నడక" అని రాయండి. అదే చోట మకాం ఉంచి, కేవలం సరుకులకో చూడవలసిన చోటికో ఇల్లంతా సర్దుకుని బయల్దేరవలసి వస్తే "కారు" అని రాయండి.

మూడో రకం రోజులే మీకు కావలసినవి. వాటిని మొత్తం రోజులతో పోల్చండి. నా కొలబద్ద ఇది: పది రోజుల్లో "కారు" రోజులు ఒకటి రెండు ఉంటే వెనక కారు దండగ. ఐదు దాటితే కట్టుకోవడం గురించి ఆలోచించవచ్చు. మధ్యలో ఉన్నవారు రెండో అడుగు పూర్తిచేసేదాకా ఏమీ కొనకూడదు.

ఈ లెక్కలో ఎక్కువ మంది చేసే పొరపాటు, సర్దుకునే శ్రమను ఊహతో అంచనా వేయడం. గడియారం పెట్టి చూడండి. కరెంటు తీగ చుట్టడం, నీళ్ల గొట్టం విప్పడం, పొయ్యి మీది గిన్నెలు అరలో పెట్టడం, స్లయిడ్ (బయటికి సాగే గది భాగం) లోపలికి లాగడం, చక్రాల కింది దిమ్మలు తీయడం, తిరిగొచ్చి ఇవన్నీ మళ్లీ చేయడం. వ్యాన్ రకం బండికి ఇదంతా పది నిమిషాల్లో అయిపోతుంది. స్లయిడ్, గుడారపు పందిరి ఉన్న క్లాస్ సికి పోనూ రానూ గంట పట్టవచ్చు. ఒకే యాత్ర, ఒకే చోటు, అయినా వ్యాన్ ఉన్నవారికి వద్దనిపించే కారు క్లాస్ సి ఉన్నవారికి కావాలనిపించడం ఇందుకే.

వెళ్లే చోటు కూడా జవాబు మార్చేస్తుంది. జయన్ జాతీయ పార్కులో ఏడాదిలో ఎక్కువ కాలం లోయ లోపలి రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు, షటిల్ బస్సే దిక్కు. అక్కడికి కారు ఈడ్చుకెళ్తే అది మీ మకాం పక్కన దుమ్ము తింటూ కూర్చుంటుంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున కూడా ఉచిత బస్సులున్నాయి. గ్లేసియర్ పార్కులో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. గోయింగ్ టు ద సన్ రోడ్డులో అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ వరకు 21 అడుగుల కన్నా పొడవైన, 8 అడుగుల కన్నా వెడల్పైన బండికి ప్రవేశం లేదు. పొడవులో బంపర్లు, వెడల్పులో అద్దాలు కూడా లెక్కే. మీ 24 అడుగుల "చిన్న" బండి అక్కడ పెద్దదే. బిగ్ బెండ్‌లో చీసోస్ బేసిన్‌కు ఎక్కే రోడ్డు 24 అడుగులు మించిన మోటర్‌హోమ్‌లకు తగదని పార్కు వారే చెబుతారు. ఇలాంటి చోట్లే మీ జాబితాలో ఎక్కువగా ఉంటే కారు విలువ పెరుగుతుంది. కాబట్టి "అందరూ కట్టుకుంటున్నారు" అన్నమాట పక్కన పెట్టి, మీరు వెళ్లే రోడ్ల పేర్లు రాసుకోండి.

2. కారు లేకుండా, కాని కారు ఉన్నట్లు, ఒక యాత్ర చేసి చూడండి

మకాం వేసిన చోట అవసరమైన రోజున కారు అద్దెకు తీసుకోండి. యాత్ర పొడవునా అలా తీసుకున్న రోజులెన్నో, అయిన ఖర్చెంతో, అద్దె కారు దొరకక ఆగిపోయిన పనులేవో రాయండి. పెద్ద ఊరి దగ్గర ఇది సులువు. అడవి మధ్యలో అద్దె కార్లుండవు. ఆ తేడా కూడా మీకు తెలియవలసిందే.

ఇద్దరు డ్రైవర్లున్న ఇంట్లో మరో మార్గం ఉంది. ఒకరు మోటర్‌హోమ్, మరొకరు కారు నడుపుకుంటూ వెళ్లడం. చిన్న దూరాలకు ఇది బాగానే ఉంటుంది, పైసా సామాను కొనక్కర్లేదు. రెండు వేల మైళ్ల యాత్రలో మాత్రం ఇద్దరూ రోజంతా ఒంటరిగా కూర్చుని, సాయంత్రానికి చెరో మూల నిద్రపోతారు. మేము ఒకసారి చేశాం. రెండోసారి మా ఆవిడ ఒప్పుకోలేదు.

సైకిళ్లు, కరెంటు సైకిళ్లు, చిన్న స్కూటరు కూడా చాలామందికి కారు పని చేసిపెడతాయి. ఐతే ఇక్కడ ఒక హెచ్చరిక. వెనక ర్యాకు మీద వేసే బరువు చక్రాల మీద సమానంగా పడదు. అది వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది కాబట్టి ముందు ఇరుసును పైకి లేపుతుంది. లెక్క ఇలా వేయండి: వెనక ఇరుసు నుంచి ర్యాకు దాకా ఉన్న దూరాన్ని, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించి, వచ్చినదాన్ని బరువుతో గుణించాలి. ర్యాకు ఇరుసుకు 7 అడుగుల వెనక ఉండి, ఇరుసుల మధ్య 14 అడుగులుంటే, 400 పౌండ్ల స్కూటరు ముందు చక్రాల మీది నుంచి 200 పౌండ్లు లాగేసుకుంటుంది, వెనక ఇరుసు మీద 600 పౌండ్లు మోపుతుంది. స్టీరింగు తేలిపోతున్నట్లు అనిపిస్తే కారణం ఇదే. వెనక ఇరుసుకు అంత చోటు మిగిలి ఉందో లేదో కాటా మీదే తెలుస్తుంది.

ఈ రెండు అడుగులయ్యాక కూడా కారు కావాలనిపిస్తేనే ముందుకు చదవండి.

3. మోటర్‌హోమ్‌ను తూచండి

అమ్మేవారి కరపత్రంలోని బరువు ఖాళీ బండిది. మీరు ఖాళీ బండిలో ప్రయాణం చేయరు. నీళ్లు గాలన్‌కు 8.34 పౌండ్లు. 30 గాలన్ల ట్యాంకు నింపితేనే 250 పౌండ్లు ఎక్కినట్లు. మనుషులు, బియ్యం సంచి, పనిముట్ల పెట్టె, పడక కింద పెట్టి మరిచిపోయిన సామాను అన్నీ దీని మీద.

కాటాకు వెళ్లే ముందు ఇంధనం, తాగే నీళ్లు నింపండి. యాత్రలో ఎక్కే వాళ్లంతా ఎక్కాలి. లారీలను తూచే కాటా మీద ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు మరో పలక మీద వచ్చేలా ఆపండి. చీటీలో ముందు ఇరుసు, వెనక ఇరుసు, మొత్తం విడివిడిగా వస్తాయి. మొత్తం ఒక్కటే చూసి సంతోషపడటం ఇక్కడ జరిగే పొరపాటు. చిన్న క్లాస్ సిలలో మొత్తం హద్దులోనే ఉండి, వెనక ఇరుసు మాత్రం దాటిపోవడం మామూలే.

ఇప్పుడు లేబుల్ మీది అంకెలు. జీవీడబ్ల్యూఆర్ అంటే మీ బండి ఒక్కటే, నిండుగా సర్దాక, తూగదగిన గరిష్ఠ బరువు. జీసీడబ్ల్యూఆర్ అంటే బండి, వెనక కట్టినది, రెండూ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. ఇది తలుపు లేబుల్ మీద లేకపోతే చాసిస్ పుస్తకంలో ఉంటుంది. ఇరుసు ఒక్కొక్కదానికీ వేరే హద్దుంటుంది, దాని పేరు జీఏడబ్ల్యూఆర్.

లెక్క చిన్నదే. జీసీడబ్ల్యూఆర్ లోంచి కాటా చీటీలోని మీ బండి మొత్తం తీసేయండి. మిగిలింది మీరు వెనక కట్టగలిగిన బరువు. దీన్ని హిచ్ స్టిక్కర్ మీది అంకెతో పోల్చి, రెండింటిలో చిన్నదాన్ని పట్టుకోండి.

ఒక ఉదాహరణ. స్ప్రింటర్ 3500 చాసిస్ మీద కట్టిన చాలా క్లాస్ సి బళ్లలో జీవీడబ్ల్యూఆర్ 11,030, జీసీడబ్ల్యూఆర్ 15,250 పౌండ్లు. హిచ్ మీద 5,000 అని ఉంటుంది. మీ బండి కాటా మీద 10,600 తూగిందనుకోండి. మిగిలింది 4,650. హిచ్ 5,000 అంటున్నా మీ హద్దు 4,650 మాత్రమే. ఇప్పుడు 3,300 పౌండ్ల కారును టో బార్‌తో నేల మీదే లాగితే నిశ్చింత. అదే కారును 1,800 పౌండ్ల ట్రైలర్ మీద ఎక్కిస్తే 5,100 అవుతుంది, హిచ్ హద్దూ దాటింది, మొత్తం హద్దూ దాటింది. అంతేకాదు. ట్రైలర్ ముక్కు హిచ్ మీద తన బరువులో 10 నుంచి 15 శాతం మోపుతుంది. అంటే కనీసం 510 పౌండ్లు. మీ బండిలో జీవీడబ్ల్యూఆర్‌కు మిగిలిన చోటు 430. ఒకే ట్రైలర్ మూడు హద్దులు దాటేసింది.

ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన బళ్లకు ఊపిరి ఎక్కువ. దాని జీవీడబ్ల్యూఆర్ 14,500, జీసీడబ్ల్యూఆర్ 22,000. కాని అక్కడ కూడా హిచ్ అంకె తక్కువగా ఉంటే ఆ తక్కువే లెక్క. రిసీవర్, టో బార్, బేస్ ప్లేట్, భద్రతా తీగలు, ప్రతిదానికీ ఒక అంకె ఉంటుంది. అన్నిటికన్నా చిన్నదే మీ అంకె. ఎక్కువ అంకె ఉన్న హిచ్ బిగించుకుంటే ఇంజను, బ్రేకులు బలపడవు. "పెద్ద హిచ్ వేయించాం కదా" అని నాతో వాదించినవారు తక్కువేం కాదు.

సరి చూసుకోవడం: లెక్క తేలాక హద్దుకు కనీసం ఐదారు వందల పౌండ్లు మిగలాలి. యాత్ర సాగే కొద్దీ సామాను పెరుగుతుందే గాని తరగదు.

4. కారు పుస్తకం తెరవండి

ఇంతదాకా వచ్చినవారిలో సగం మంది ఆగిపోయేది ఇక్కడే. ఇంట్లో ఉన్న కారును నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగవచ్చా లేదా అన్నది కారు బరువు చూసి చెప్పలేం. కారు పుస్తకం చూసే చెప్పాలి. మోటర్‌హోమ్ వెనక కట్టి లాగడం గురించి అందులో విడిగా ఒక పేజీ ఉంటుంది. చెడిపోయిన కారును లాగించే పేజీ అది కాదు. ఆ రెండింటినీ కలిపి చదివి మోసపోయినవారున్నారు.

"గేరు న్యూట్రల్‌లో పెడితే సరిపోదా?" అని తప్పకుండా అడుగుతారు. చాలా ఆటోమేటిక్ కార్లలో సరిపోదు. గేరుపెట్టెకు నూనె కొట్టే పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి ఉండగా చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు నూనె అందక పొడిగా తిరుగుతాయి. వందల మైళ్లు అలా సాగితే గేరుపెట్టె కాలిపోతుంది. జీప్ రాంగ్లర్‌లో ట్రాన్స్‌ఫర్ కేసును (గేరుపెట్టె శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెను) న్యూట్రల్‌కు మార్చితే చక్రాలకూ గేరుపెట్టెకూ సంబంధం తెగిపోతుంది. మోటర్‌హోమ్‌ల వెనక అన్ని రాంగ్లర్లు కనబడటానికి కారణం అది.

పేరు ఒకటే కదా అని నమ్మకండి. హోండా సీఆర్‌వీ 2014 వరకు ఇలా లాగదగిన కారు. 2015లో గేరుపెట్టె సీవీటీ అనే మరో రకానికి మారింది, అనుమతి పోయింది. కారు చూడటానికి ఇంచుమించు అదే. పాత కారు కొనే ఆలోచన ఉంటే ఆ సంవత్సరపు పుస్తకం ముందు చదివి, తర్వాత బేరం చేయండి. అమ్మేవారి నోటిమాట దీనికి పనికిరాదు. కరెంటు కార్లలో చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, కరెంటు పుడుతుంది, నష్టం జరుగుతుంది. టెస్లా కారును చక్రాలు నేల మీద ఆనించి లాగకూడదని దాని పుస్తకమే చెబుతుంది.

అనుమతి ఉన్నా షరతులుంటాయి. గరిష్ఠ వేగం, ఇన్ని గంటలకోసారి ఇంజను కొద్దిసేపు నడపాలనడం, ఫలానా ఫ్యూజు తీయాలనడం, బ్యాటరీ తీగ విప్పాలనడం. వీటిని ఒక అట్ట మీద రాసి కారు అద్దం దగ్గర పెట్టుకోండి.

5. లాగే పద్ధతి ఎంచుకోండి

నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి టో బార్‌తో లాగడం చిన్న మోటర్‌హోమ్‌కు అన్నిటికన్నా తగినది. అదనపు బరువు తక్కువ, హిచ్ మీద పడే భారం దాదాపు లేనట్లే, మకాంలో దాచుకోవలసిన సామాను లేదు. ఇబ్బందల్లా కారు అందుకు పనికొచ్చేదై ఉండాలి.

డాలీ అంటే ముందు రెండు చక్రాలు ఎక్కించే చిన్న రెండు చక్రాల బండి. ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్ కార్లకు ఇది దారి. నాలుగు చక్రాలతో నడిచే కారును డాలీ మీద పెట్టకూడదు. కారును దింపాక డాలీని ఎక్కడ పెడతారన్నది ముందే ఆలోచించుకోండి. చిన్న మకాం స్థలంలో మోటర్‌హోమ్, కారు పట్టాక డాలీకి చోటు మిగలదు. పట్టీలు మొదటి కొన్ని మైళ్లలోనే సాగుతాయి, ఆగి మళ్లీ బిగించాలి.

పూర్తి ట్రైలర్ గురించి పై లెక్కలోనే చూశాం. చిన్న బళ్లకు అది ఎప్పుడోగాని సరిపోదు.

6. బ్రేకుల దగ్గర బేరమాడకండి

మీ మోటర్‌హోమ్ బ్రేకులు దాని సొంత జీవీడబ్ల్యూఆర్ మేరకు చేసినవి. వెనక కట్టిన మూడు వేల పౌండ్లను కూడా ఆపమని వాటిని అడగకూడదు. కారు దాని బ్రేకులు అది వేసుకునేలా అదనపు బ్రేకు పరికరం అమర్చాలి. కొన్నింటిని డ్రైవరు సీటు ముందు పెట్టి బ్రేకు పెడలుకు తగిలిస్తారు, కొన్నింటిని శాశ్వతంగా బిగిస్తారు. దానితోపాటు తెగిపోతే పనిచేసే మీట ఉండాలి. టో బార్ విడిపోయి కారు జారిపోతే తీగ లాగుకుని కారు బ్రేకులు వాటంతటవే పడతాయి.

చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. వెనక కట్టినది 3,000 పౌండ్లు దాటితే సొంత బ్రేకులు ఉండాలనే రాష్ట్రాలు చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల హద్దు ఇంకా తక్కువ. మీ దారిలోని రాష్ట్రాలన్నిటిలో కఠినమైనదాన్నే పాటించండి. వేగం కూడా అంతే. కాలిఫోర్నియాలో వెనక ఏదైనా లాగుతుంటే గంటకు 55 మైళ్లు మించకూడదు. నేను చెప్పేదేమిటంటే, చట్టం అడగకపోయినా బ్రేకు పెట్టండి. టో బార్‌కు అంత పోసి బ్రేకు మానేయడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లే.

7. డబ్బు లెక్క

టో బార్, బేస్ ప్లేట్, బ్రేకు, లైట్ల తీగలు, బిగింపు కూలి కలిపి కొన్ని వేల డాలర్లవుతుంది. సరైన అంకె మీ కారుకు రాయించుకున్న అంచనాలో ఉంటుంది. దాన్ని మీ ప్రాంతపు రోజు అద్దెతో భాగించండి. 4,000 డాలర్ల సామాను, రోజుకు 80 డాలర్ల అద్దె అనుకుంటే 50 రోజులు. మొదటి అడుగులో లెక్కపెట్టిన "కారు" రోజులు ఏడాదికి పది అయితే ఐదేళ్లు పడుతుంది. ఐదేళ్లూ అదే మోటర్‌హోమ్, అదే కారు ఉంచుకుంటారా? బేస్ ప్లేట్ ఆ మోడలుకే సరిపోతుంది, కారు మార్చితే మళ్లీ కొనాలి. ఇంధనం, టైర్ల అరుగుదల, పొడవును బట్టి వసూలు చేసే పడవ రేవుల ఖర్చు కూడా వేసుకోండి. 24 అడుగుల బండి, మధ్యలో మూడు నాలుగు అడుగులు, 15 అడుగుల కారు, మొత్తం 43 దాకా తేలుతుంది.

8. కట్టి చూడటం, సరిచూసుకోవడం

అన్నిటికీ జవాబు "అవును" అని వచ్చిందనుకుందాం. మొదటిసారి కట్టేటప్పుడు సమతలంగా, ఖాళీగా ఉన్న చోటు చూసుకోండి. ఒకరు కట్టాలి, మరొకరు అట్ట చూసి చదవాలి. ఇద్దరూ ఒకేసారి కట్టడం మొదలుపెడితే ఇద్దరూ ఒకే పని చేస్తారు, ఒక పని ఎవరూ చేయరు.

టో బార్ దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. మోటర్‌హోమ్ వైపు మూడంగుళాలకు మించి ఎత్తు ఉండకూడదు. ఎక్కువ ఉంటే ఎత్తు సరిచేసే అడాప్టరు వేయాలి, లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు మోటర్‌హోమ్ కిందికి దూరబోతుంది. భద్రతా తీగలను టో బార్ కింద అడ్డంగా దాటించి తగిలించండి. టో బార్ చేతులు రెండూ లాక్ పడ్డాయో లేదో నెమ్మదిగా కొన్ని అడుగులు ముందుకు నడిపి చూడండి.

తర్వాత కారులో: స్టీరింగు తాళం వదిలి ఉండాలి, గేరు పుస్తకం చెప్పిన స్థితిలో ఉండాలి, చేతి బ్రేకు పూర్తిగా దించి ఉండాలి. ఈ మూడోది నేను ఒకసారి మరిచాను. మోటర్‌హోమ్‌లో కూర్చున్నవారికి ఏమీ తెలియదు, బండి కాస్త బరువుగా ఉందనుకున్నానంతే. పక్కన వెళ్తున్న లారీ అతను హారను కొట్టి వెనక్కి చెయ్యి చూపిస్తే ఆగాను. వెనక చక్రం దగ్గర పొగ. అప్పటినుంచి కట్టాక ఇరవై అడుగులు కదిలిస్తూ, పక్కన నిలబడ్డ మనిషి కారు నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయని నోటితో చెప్పేదాకా రోడ్డెక్కను.

లైట్లు: ఎడమ, కుడి, బ్రేకు, రాత్రి దీపం, నాలుగూ వెనక నిలబడి చూడాలి. బ్రేకు పరికరం పెడలును నొక్కి పట్టుకుని ఉండిపోలేదని చూడాలి.

ఐదు మైళ్లు వెళ్లాక ఆగండి. పిన్నులన్నీ తడిమి చూడండి. కారు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టండి, తాకకుండానే వేడి తెలుస్తుంది. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోంది. యాభై మైళ్ల దగ్గర మళ్లీ ఒకసారి, ఆపైన ఆగిన ప్రతిచోటా. వెనక కారుకు టైరు పంచరైతే మీకు కుదుపు తెలియదు, కాబట్టి దాని టైర్లలో గాలి చూపించే సెన్సర్లు పెట్టుకోండి. వాటికి ఖర్చు పెద్దగా కాదు. కట్టిన మొదటి యాత్రలోనే కాటా దగ్గర ఆగి కారుతో సహా మళ్లీ తూచండి. కాగితం మీది లెక్క, కాటా చీటీ కలవాలి.

వెనక్కి మాత్రం వెళ్లకండి. నేల మీద నాలుగు చక్రాలతో లాగుతున్నా, డాలీ మీద లాగుతున్నా వెనక్కి నడిపితే కారు ముందు చక్రాలు ఒక పక్కకు తిరిగిపోయి టో బార్ వంగుతుంది, లేదా డాలీ మడతపడుతుంది. కొన్ని అడుగులే కదా అనుకుంటారు. ఆ కొన్ని అడుగులే చాలు. కాబట్టి పెట్రోలు బంకులోకి దూరే ముందు బయటికి వచ్చే దారి చూసి దూరండి. ఒకసారి నేను చూడకుండా దూరి, ముందు గోడ, వెనక మూడు కార్ల మధ్య ఇరుక్కుని, అందరూ చూస్తుండగా కారు విప్పవలసి వచ్చింది. టో బార్ చేతులు బిగిసిపోయి పిన్ను బయటికి రాదు. అలాంటప్పుడు మోటర్‌హోమ్‌ను రెండంగుళాలు ముందుకు కదిలిస్తే ఒత్తిడి తగ్గి వస్తుంది. ఏటవాలులో విప్పవలసి వస్తే పిన్ను తీసే ముందు కారు చేతి బ్రేకు వేయండి.

చివరగా బ్యాటరీ. కొన్ని కార్లలో స్టీరింగు తాళం పడకుండా ఉండటానికి తాళంచెవిని ఒక మెట్టు తిప్పి ఉంచాలి. బ్రేకు పరికరం కూడా కారు కరెంటునే తింటుంది. ఎనిమిది గంటల ప్రయాణం తర్వాత మకాం చేరి తాళం తిప్పితే టిక్కు టిక్కు తప్ప మరేమీ వినబడదు. మోటర్‌హోమ్ నుంచి కారు బ్యాటరీకి చార్జింగు తీగ వేయించుకుంటే ఈ బాధ ఉండదు. బిగింపు రోజునే అడిగి వేయించుకోండి, తర్వాత వేయించాలంటే మళ్లీ విప్పుకోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు బేస్ ప్లేట్ కారుకే ఉంది, టో బార్ గరాజు గోడకు వేలాడుతోంది. ఒకే చోట నాలుగు రాత్రులకు మించి ఉండే యాత్రలకే దాన్ని దించుతాం. కిందటేడు రెండుసార్లు దించాం.